చుక్క దొరికింది సరే, దాని ఊరేది?

(తిరుపతిలో డిగ్రీ, పీజీ విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

సప్తర్షి మండలం మీకందరికీ తెలిసిందే. అందులో ఒక మూల, చేయి చాపి పట్టుకున్న ఇసుక రేణువు వెనక దాక్కునేంత చిన్న ఆకాశపు ముక్క మీద 1995 డిసెంబరులో హబుల్ టెలిస్కోపును 10 రోజుల పాటు నిలిపి ఉంచారు. ఖాళీ అనుకున్న ఆ ముక్కలో 3,000 దాకా గెలాక్సీలు బయటపడ్డాయి. దాన్నే హబుల్ డీప్ ఫీల్డ్ అంటున్నాం. తర్వాత హవాయిలో మౌనా కియా శిఖరం మీదున్న 15 మీటర్ల జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపును స్కూబా అనే కెమెరాతో అదే ముక్క మీదికి తిప్పారు. అది చూసేది 850 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం, అంటే మిల్లీమీటరుకు కాస్త తక్కువ. దాదాపు 50 గంటలు చూస్తే దొరికినవి ఐదంటే ఐదు చుక్కలు. 1998లో ఆ ఫలితం అచ్చయింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది కదా! కానీ వాటిలో అన్నిటికంటే ప్రకాశవంతమైనదాన్ని, హెచ్‌డీఎఫ్ 850.1 అని పేరుపెట్టినదాన్ని, హబుల్ ఫొటోలో వెతికితే కనబడలేదు. మూడు వేల గెలాక్సీలు చూపించిన ఫొటోలో ఇది లేదు. దాని దూరం కచ్చితంగా తేలింది 2012లో. పద్నాలుగేళ్లు పట్టింది.

ఈ పద్నాలుగేళ్లు ఎందుకు పట్టాయన్నదే ఇవాళ్టి విషయం. ధూళి కప్పేసిన దూరపు గెలాక్సీలను వెతికే ఈ రంగంలో చుక్కను పట్టడం అసలు కష్టం కాదు. పట్టిన చుక్క ఊరేదో, ఎంత దూరమో చెప్పడం దగ్గరే అందరూ తడబడతారు.

ముందు ధూళి సంగతి. నక్షత్రాల మధ్య ధూళి అంటే రేణిగుంట రోడ్డు మీద లేచే దుమ్ము కాదు. మైక్రానులో పదోవంతు ఉండే సిలికేటు, కర్బన రేణువులు, పొగ రేణువుల లాంటివి. కొత్త నక్షత్రాలు పుట్టే చోట ఇవి దట్టంగా ఉంటాయి. అక్కడ పుట్టిన పెద్ద నక్షత్రాలు అతినీలలోహిత కాంతిని గుమ్మరిస్తాయి. ధూళి దాన్ని మింగి 30, 40 కెల్విన్ల దాకా వేడెక్కుతుంది. 35 కెల్విన్లంటే మైనస్ 238 డిగ్రీల సెల్సియస్, దాన్ని వేడి అనడం మనకు వింతే. ఆ ఉష్ణోగ్రతలో ఉన్న వస్తువు దాదాపు 100 మైక్రాన్ల దగ్గర ఎక్కువగా వెలుగుతుంది. అంటే నక్షత్రాలు ఎంత జోరుగా పుడితే ఆ గెలాక్సీ మామూలు కాంతిలో అంత మసకగా, పరారుణంలో అంత దేదీప్యంగా ఉండవచ్చు. మన పాలపుంతలో ఏడాదికి ఒకటి రెండు సూర్యులంత ద్రవ్యరాశి నక్షత్రాలుగా మారుతుంది. ఈ ధూళి గెలాక్సీల్లో అది వందల్లో ఉంటుంది, కొన్నింటిలో వెయ్యి దాటుతుంది. 1990లలో కోబే ఉపగ్రహం కొలిచిన పరారుణ నేపథ్యాన్ని (ఆకాశమంతా పరుచుకున్న పరారుణ వెలుగును) లెక్కవేస్తే, గెలాక్సీల నుంచి మనకు చేరే మొత్తం వెలుగులో సుమారు సగం ఇలా ధూళి మింగి మళ్లీ కక్కినదే.

ఇప్పుడు ఒక విచిత్రం. రాత్రిపూట తిరుపతిలో మేడ మీద నిలబడి అలిపిరి నుంచి గాలిగోపురం దాకా మెట్ల దారి దీపాలు చూడండి. దగ్గరివి ప్రకాశంగా, దూరంవి మసకగా ఉంటాయి. సృష్టిలో ఎక్కడైనా ఇదే రూలు. 850 మైక్రాన్ల దగ్గర మాత్రం ఈ రూలు పనిచేయనట్టే ఉంటుంది. ఒకే రకం ధూళి గెలాక్సీని రెడ్‌షిఫ్ట్ (దూరానికి కొలతగా వాడే అంకె, పెద్దదైతే దూరం ఎక్కువ) 1 దగ్గర పెట్టినా, 8 దగ్గర పెట్టినా ఇంచుమించు ఒకే ప్రకాశం కనబడుతుంది. కారణం ఇది. విశ్వం వ్యాకోచించడం వల్ల తరంగదైర్ఘ్యం సాగుతుంది. రెడ్‌షిఫ్ట్ 3 అయితే నాలుగు రెట్లు, 5 అయితే ఆరు రెట్లు. 100 మైక్రాన్ల శిఖరం 400కో, 600కో జరిగి మన 850 వైపు వస్తుంది. దూరం పెరిగేకొద్దీ వెలుగు పలచబడుతుంది, కానీ మనం ఆ కొండ శిఖరానికి మరింత దగ్గర మెట్టు మీద కొలుస్తాం. ఒక చేత్తో పోయింది ఇంకో చేత్తో వస్తుంది. దీన్ని ప్రతికూల కె-సవరణ అంటారు.

ఇది వరమే, కానీ దీనికి వడ్డీ ఉంది. ప్రకాశం దూరంతో మారకపోతే, ప్రకాశాన్ని బట్టి దూరం ఊహించే దారి కూడా మూసుకుపోయినట్టే. మొదటి చిక్కు అక్కడే పడింది.

రెండో చిక్కు నీటి ఆవిరి. సబ్‌మిల్లీమీటర్ కాంతికి, అంటే 850 మైక్రాన్ల లాంటి మిల్లీమీటరుకు తక్కువ తరంగదైర్ఘ్యాల కాంతికి, గాలిలోని తేమ గోడలాంటిది. తల మీద ఉన్న గాలి మొత్తంలోని ఆవిరిని నీరుగా పిండి నేల మీద పోస్తే ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నిలుస్తుందో, అదే కొలత. వానాకాలంలో మన తిరుపతి మీద అది 50 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున్న చాహ్నంతోర్ పీఠభూమి మీద ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. మంచి రాత్రి అయితే అర మిల్లీమీటరు. అందుకే అల్మా అనే టెలిస్కోపుల సమూహం అక్కడ ఉంది. 2013 మార్చిలో లాంఛనంగా ప్రారంభమైంది. 66 యాంటెనాలు, అందులో 54 పన్నెండు మీటర్లవి, 12 ఏడు మీటర్లవి.

ఆవిరి కాంతిని మింగడమే కాదు, తనే వెలుగుతుంది. గాలి 250 కెల్విన్ల దగ్గర ఉంటే, మనం వెతికే గెలాక్సీ వెలుగు దానికంటే లక్ష రెట్లకు పైగా తక్కువ. పట్టపగలు నక్షత్రం వెతికినట్టు. స్కూబా రోజుల్లో ఉపాయం ఏమిటంటే, చిన్న అద్దాన్ని సెకనుకు ఏడెనిమిది సార్లు అటూ ఇటూ ఊపి, చుక్క ఉన్న చోటు నుంచి పక్కనున్న ఖాళీ చోటును తీసివేయడం. ఆ ఖాళీ చోట ఇంకో గెలాక్సీ ఉంటే? మ్యాపులో అక్కడ నల్లటి గుంట పడుతుంది, అసలు చుక్క ప్రకాశం తగ్గి కనబడుతుంది.

మూడోది చూపు పదును. 15 మీటర్ల డిష్‌తో 850 మైక్రాన్లలో చూస్తే బీమ్ (ఒకే చుక్కగా కలిసిపోయి కనబడే ఆకాశపు మేర) వెడల్పు 14 ఆర్క్‌సెకండ్లు. డిగ్రీలో 60వ వంతు ఆర్క్‌నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్‌సెకండ్. హబుల్‌ది 0.1. హబుల్ డీప్ ఫీల్డ్‌లో చదరపు ఆర్క్‌నిమిషానికి దాదాపు 600 గెలాక్సీలు. లెక్కవేసుకోండి: 14 ఆర్క్‌సెకండ్ల వృత్తంలో పాతిక గెలాక్సీలు పడతాయి. చుక్క ఆ పాతికలో దేనిది? లేక ఏదీ కాదా? పైగా ఎంతసేపు చూసినా ఒక హద్దు తర్వాత లాభం ఉండదు. మసక గెలాక్సీలన్నీ కలిసి బీమ్ కింద ఒక అలికిడిలా పరుచుకుంటాయి. ఆ డిష్‌కు ఈ హద్దు మిల్లీజాన్‌స్కీకి (ఈ రంగంలో ప్రకాశానికి వాడే కొలమానం) కొంచెం తక్కువ. హెచ్‌డీఎఫ్ 850.1 ఏడు మిల్లీజాన్‌స్కీలు కాబట్టి పైకి తేలింది.

మ్యాపు చేతికొచ్చాక ఏం చేయకూడదో కూడా చెప్తాను, ఎందుకంటే ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువగా కనబడే తప్పు ఇదే. నాయిస్‌కు, అంటే మ్యాపులో ఉత్తపుణ్యానికి వచ్చే ఊగిసలాటకు, మూడున్నర రెట్లున్న ప్రతి చుక్కనూ గెలాక్సీ అని రాసేస్తారు. మ్యాపులో 10,000 బీమ్‌లు ఉంటే, ఆకాశంలో ఏమీ లేకపోయినా ఆ గీత దాటే చుక్కలు రెండో మూడో పుట్టుకొస్తాయి. సరిచూసే పద్ధతి సులువు. మ్యాపును మైనస్ ఒకటితో గుణించి, అదే ప్రోగ్రాముతో మళ్లీ చుక్కలు వెతకండి. తలకిందులు చేసిన మ్యాపులో దొరికినవన్నీ దొంగ చుక్కలే. అసలు మ్యాపులోనూ సుమారు అన్నే దొంగలు ఉన్నాయన్నమాట. ఊపే అద్దంతో తీసిన మ్యాపులకు మాత్రం ఈ పరీక్ష నేరుగా పనికిరాదు, ఇందాక చెప్పిన నల్ల గుంటలు నిజమైన చుక్కల్లా తేలతాయి. ఇంకొకటి: గీతకు కాస్త పైనున్న నిజమైన చుక్కల ప్రకాశం కూడా సగటున ఎక్కువగానే కనబడుతుంది. మసక గెలాక్సీలు ఎక్కువ, ప్రకాశవంతమైనవి తక్కువ కాబట్టి, నాయిస్ పైకి తోసినవి గీత దాటి వస్తాయి, కిందికి తోసినవి రావు. ఆ సవరణ చేయకుండా నక్షత్రాల పుట్టుక రేటు లెక్కవేస్తే ఎక్కువ వస్తుంది.

మరి ఊరు కనుక్కోవడం ఎలా? చాలాకాలం రేడియోనే దిక్కు. పెద్ద నక్షత్రాలు పేలినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లు రేడియోలో వెలుగుతాయి, కాబట్టి పరారుణ ప్రకాశానికీ రేడియో ప్రకాశానికీ గట్టి సంబంధం ఉంది. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపుతో 1.4 గిగాహెర్ట్జ్‌లో స్థానం పట్టి, కెక్ టెలిస్కోపుతో వర్ణపటం తీసి, 2005 నాటికి 70కి పైగా గెలాక్సీల దూరాలు తేల్చారు. ఎక్కువ భాగం రెడ్‌షిఫ్ట్ 2, 3 చుట్టూ ఉన్నాయి. కానీ రేడియోకు ఇందాకటి వరం లేదు. దూరమైతే మసకబారిపోతుంది. అన్నిటికంటే దూరమైనవి ఈ జల్లెడలోంచి జారిపోయాయి.

అసలైన దారి ఇంటర్‌ఫెరోమీటర్, అంటే చాలా యాంటెనాలను కలిపి ఒకే పెద్ద టెలిస్కోపులా వాడే పరికరం. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే దీనికి నమూనా మీ ఊరి పక్కనే ఉంది. గాదంకిలో వాతావరణ రాడార్ చూసినవాళ్లు ఎంతమంది? 130 మీటర్ల చదరంలో 1,024 యాగీ యాంటెనాలు, 53 మెగాహెర్ట్జ్. అన్నీ ఒకే తాళంలో, ఒకే ఫేజ్‌లో (అలల ఎగుడుదిగుళ్లు సరిగ్గా కలిసేలా) పనిచేస్తేనే అది ఒక పెద్ద యాంటెనా అవుతుంది. అల్మాలోనూ సూత్రం అదే, యాంటెనాల మధ్య దూరం మాత్రం 16 కిలోమీటర్ల దాకా పెంచవచ్చు. తేడా అంతా తరంగదైర్ఘ్యంలో ఉంది. గాదంకిలో అది 5.66 మీటర్లు, అందులో పదోవంతు పొరపాటు అంటే అర మీటరుకు పైమాటే. మనవాళ్లు టేపు పట్టుకుని సరిచేయగలరు. 850 మైక్రాన్లలో పదోవంతు అంటే 85 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందం.

ఆ వెంట్రుకను చెడగొట్టేది మళ్లీ నీటి ఆవిరే. ఒక మిల్లీమీటరు ఆవిరి దాటితే తరంగం సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు ఎక్కువ దారి నడిచినట్టు ఆలస్యమవుతుంది. రెండు యాంటెనాల పైన ఆవిరిలో తేడా 0.05 మిల్లీమీటరే అనుకోండి. 0.325 మిల్లీమీటర్ల దారి తేడా, అంటే 850 మైక్రాన్ల తరంగానికి 138 డిగ్రీల ఫేజ్ తప్పు! అందుకే ప్రతి పన్నెండు మీటర్ల యాంటెనాలో 183 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి గీతను సుమారు సెకనుకోసారి కొలిచే రేడియోమీటర్ ఉంటుంది. దాని లెక్కతో ఫేజ్‌ను సరిచేస్తారు. అది చాలదు. కొన్ని నిమిషాలకోసారి యాంటెనాలన్నీ పక్కనే, కొన్ని డిగ్రీలలోపున్న ఒక క్వేజార్ (చుక్కలా కనబడే, చాలా ప్రకాశవంతమైన దూరపు గెలాక్సీ కేంద్రం) వైపు తిరిగి, దాని ఫేజ్ చూసుకుని మళ్లీ గెలాక్సీ దగ్గరికి రావాలి. మొదట్లో ఇంకో ప్రకాశవంతమైన క్వేజార్‌ను ఐదు, పది నిమిషాలు చూసి ఫ్రీక్వెన్సీ వారీగా రిసీవర్ వంకరలు తీసేస్తారు. ప్రకాశం స్కేలుకు యురేనస్ లాంటి గ్రహమో, ప్రకాశం ముందే కొలిచి పెట్టుకున్న క్వేజారో కావాలి.

ఇంత చేసినా ఫేజ్ ఊగిసలాట 57 డిగ్రీలు మిగిలిందంటే, చుక్క ప్రకాశం అసలుదాంట్లో 61 శాతమే కనబడుతుంది. ఇది దొంగదెబ్బ. నాయిస్ మామూలుగానే ఉంటుంది, బొమ్మ చూస్తే బాగానే ఉంటుంది, అంకె మాత్రం తప్పు. ఫేజ్ క్వేజార్‌కు దగ్గర్లో ఇంకో చిన్న క్వేజార్‌ను కూడా గెలాక్సీలాగే చూసి, దాని ప్రకాశం తగ్గిందా లేదా అని పోల్చుకుంటే దొరికిపోతుంది.

అల్మా చేసిన మేలు చూడండి. చిలీలోనే అపెక్స్ అనే 12 మీటర్ల డిష్, లబోకా కెమెరాతో 19 ఆర్క్‌సెకండ్ల బీమ్‌లో 126 చుక్కలు పట్టింది. అల్మా ఇంకా పూర్తికాకముందే, 15 యాంటెనాలతో, ఒక్కో చుక్కకు రెండు నిమిషాలు చూస్తే 0.4 మిల్లీజాన్‌స్కీల నాయిస్ వచ్చింది. ఒక్క గెలాక్సీ అనుకున్న చుక్కల్లో మూడోవంతుకు పైగా రెండు, మూడు గెలాక్సీలుగా విడిపోయాయి. అంటే అంతకుముందు ఒక గెలాక్సీ ఖాతాలో రాసిన నక్షత్రాల పుట్టుక నిజానికి ఇద్దరు ముగ్గురిది. అన్నిటికంటే ప్రకాశవంతమైన చుక్కలే ఎక్కువగా ఇలా విడిపోయాయి.

అల్మా సమయం అడిగేటప్పుడు ఆశపడి మొదటే 0.1 ఆర్క్‌సెకండ్ పదును అడగకండి. బీమ్ ఒకటి నుంచి 0.1కి తగ్గితే దాని వైశాల్యం వందోవంతవుతుంది. గెలాక్సీ వెలుగు వంద ముక్కలుగా చెదిరి, ఒక్కో ముక్క నాయిస్‌లో మునిగిపోతుంది. ముందు ఒక ఆర్క్‌సెకండ్‌తో చుక్కను, ప్రకాశాన్ని ఖాయం చేసుకోండి. ఈ గెలాక్సీల ధూళి భాగం సైజే 0.3 ఆర్క్‌సెకండ్ దరిదాపుల్లో ఉంటుంది. లోపలి వివరం రెండో విడతలో అడగవచ్చు.

ఇక దూరం. ధూళి వెలుగు నునుపుగా ఉంటుంది, గీతలుండవు. గీతలకు వాయువును చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ అణువు తిరుగుడు తగ్గినప్పుడల్లా 115.27 గిగాహెర్ట్జ్‌కు గుణిజాల్లో గీతలు విడుదల చేస్తుంది: మొదటిది 115, రెండోది 230.5, మూడోది 345.8, అలా నిచ్చెన మెట్లలాగా. రెడ్‌షిఫ్ట్ ఈ నిచ్చెన మొత్తాన్ని కుదిస్తుంది. కాగితం, పెన్ను తీయండి. మీకు 93.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక గీత దొరికింది. అది రెండో మెట్టయితే మెట్ల మధ్య దూరం 93.2లో సగం, 46.6. తర్వాతి గీత 139.8 దగ్గర ఉండాలి, రెడ్‌షిఫ్ట్ 1.47. మూడో మెట్టయితే తర్వాతిది 124.3 దగ్గర, రెడ్‌షిఫ్ట్ 2.71. నాలుగోదయితే 116.5, రెడ్‌షిఫ్ట్ 3.95. ఐదోదయితే 111.84, రెడ్‌షిఫ్ట్ 5.18. ఒక్క గీత ఉంటే నాలుగు జవాబులూ సమానమే. ఒక గీతతో దూరం ప్రకటించినవాళ్లను నమ్మకండి, రెండో గీత ఏదని అడగండి.

ఇవి ఉత్త అంకెలు కావు. హెచ్‌డీఎఫ్ 850.1 అంకెలే. ఫ్రాన్సు ఆల్ప్స్ పర్వతాల్లోని ఇంటర్‌ఫెరోమీటర్‌తో 93.2 దగ్గరా, 111.8 దగ్గరా గీతలు దొరికాయి. అంతరం 18.64, రెడ్‌షిఫ్ట్ 5.18. అనుమానం తీరడానికి అయనీకృత కార్బన్ గీత కూడా ఉంది. అసలు 1,900.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది 6.18 రెట్లు కుదించుకుపోయి 307 దగ్గర దొరికింది. విశ్వం వయసు 110 కోట్ల ఏళ్లప్పటి గెలాక్సీ అది. స్థానం ముందే తేలినా, పక్కన హబుల్‌కు కనబడే దగ్గరి గెలాక్సీల్లో దేనికో ముడిపెట్టే ప్రయత్నాలే అన్నాళ్లూ జరిగాయి. కనబడేదే దానికి ఊరు అనుకున్నారు.

ఒకే ఒక్క తరంగదైర్ఘ్యంలో కొలిచి ధూళి మొత్తం, నక్షత్రాల రేటు చెప్పేవాళ్ల గురించి ఒక్క మాట. ధూళి 25 కెల్విన్లా, 45 కెల్విన్లా అన్నది మీరు ఊహిస్తున్నారు. ఆ ఊహ మారితే మొత్తం ప్రకాశం పది రెట్లకు పైగా మారుతుంది. శిఖరానికి అటొకటి, ఇటొకటి కొలతలు లేకుండా ఉష్ణోగ్రత తేలదు. హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు 250, 350, 500 మైక్రాన్లలో తీసిన మ్యాపులు అందుకే ఇప్పటికీ పనికొస్తాయి. 2013లో దాని హీలియం అయిపోయింది, దాని స్థానంలోకి ఇంకోటి రాలేదు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక ఉపాధ్యాయుడు): సార్, మన హార్స్‌లీ హిల్స్ మీద ఇట్లాంటి డిష్ పెడితే కుదరదా?

కుదరదు సార్. ఎత్తు 1,265 మీటర్లు, చల్లగా ఉంటుంది, కానీ ఎత్తు కంటే పొడిదనం ముఖ్యం. రెండు రుతుపవనాలూ తడిపే కొండ అది. ఆవిరి ఎక్కువ భాగం కింది రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంటుంది కాబట్టి ఆ పొర దాటి పైకి పోవాలి. మన దేశంలో అయితే లడఖ్‌లో హాన్లే, 4,500 మీటర్లు, చలికాలంలో బాగా పొడిగా ఉంటుంది. వాణియంబాడి దగ్గర కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది కదా అంటారేమో. అది మామూలు కాంతికి. దానికి మబ్బు లేకపోతే చాలు, ఆవిరితో ఇంత పేచీ లేదు.

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని): జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు వచ్చింది కదా సార్, ఇంకా ఈ అవస్థంతా ఎందుకు?

మంచి ప్రశ్నమ్మా. వెబ్‌నే ధూళి మోసం చేసింది, అందుకు. చాలా దూరపు గెలాక్సీ నీలి ఫిల్టర్లలో కనబడదు, ఎరుపు ఫిల్టర్లలోనే కనబడుతుంది. దగ్గర్లో ఉన్న ధూళి గెలాక్సీ కూడా అచ్చం అలాగే కనబడవచ్చు. 2022లో సీర్స్ 93316 అనే గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 16 దగ్గర ఉందన్న అంచనా వచ్చింది. 2023లో వర్ణపటం తీస్తే 4.9. ధూళి ఎరుపు, బలమైన ఉద్గార గీతలు కలిసి ఆ వేషం వేశాయి. అలాంటి అనుమానం ఉన్నచోట సబ్‌మిల్లీమీటర్‌లో చుక్క కనబడితే, అది దగ్గరి ధూళి గెలాక్సీ కావచ్చని ముందే జాగ్రత్తపడొచ్చు. అలాగని వెబ్ పనికిరాదని కాదు. హబుల్‌కు కనబడని హెచ్‌డీఎఫ్ 850.1 నక్షత్రాల వెలుగు వెబ్‌కు కనబడింది. దాని చుట్టూ అదే దూరంలో వందకు పైగా గెలాక్సీలు గుంపుగా ఉన్నాయని కూడా తేలింది.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి): మేం ఇక్కడ కూర్చుని చేయగలిగింది ఏమన్నా ఉందా సార్?

ఉంది బాబూ. అల్మా డేటా, అడిగినవాళ్ల చేతికి వెళ్లిన ఏడాది తర్వాత అందరికీ తెరిచేస్తారు. దాన్ని ప్రాసెస్ చేసే కాసా ప్రోగ్రాము ఉచితం, లినక్స్ మీద నడుస్తుంది. తెలిసిన ఒక ధూళి గెలాక్సీని ఎంచుకుని, సిద్ధంగా ఉన్న ఫిట్స్ (ఖగోళ చిత్రాలకు వాడే ఫైలు రకం) బొమ్మలతో మొదలుపెట్టు. చుక్కకు దూరంగా ఉన్న భాగంలో నాయిస్ కొలువు. చుక్క ప్రకాశం కొలిచి అచ్చయిన అంకెతో పోల్చు. పది శాతంలోపు కలిస్తే సరే. కలవకపోతే ముందు ప్రైమరీ బీమ్ సవరణ (యాంటెనా చూపు అంచుల వైపు తగ్గడాన్ని సరిచేయడం) చేసిన ఫైలా, చేయనిదా అని చూసుకో, తొంభై పాళ్లు తప్పు అక్కడే ఉంటుంది. ముడి డేటా జోలికి ఇప్పుడే పోవద్దు. ఒక్కో ఫైలు పదుల గిగాబైట్లు, హాస్టల్ వైఫైతో తెల్లారిపోతుంది.